కంప్యూటర్లో మన పిల్లరు

యశోదా, ఆ పలక పక్కన పెట్టి దగ్గరికి రా. ఇంకా దగ్గరికి, నా మోకాలికి ఆనుకుని కూర్చో. మీ నాయన ఎందుకు కుంటుతాడో బడిలో పిల్లలు నీకు చెప్పారట కదా. మీ రాధ వదిన కంప్యూటర్లో మీ నాయన పరువు తీసిందట, ఆ ఉసురు తగిలి మంటపం కూలిందట. అట్లా చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ పొద్దు అక్కడ లేరు. నేను ఉన్నాను. విను.

మీ తాత వెంకటరాముడు ఈ పెనుకొండలో బేల్దారి మేస్త్రి. గోడ నిటారుగా లేస్తోందా లేదా అని దారం కట్టి వేలాడదీసే ఇత్తడి గుండు ఒకటి ఆయనకు ఉండేది. నిమ్మకాయంత ఉంటుంది. ఒకసారి గోడకు కట్టిన సారువ మీద నుంచి బండ మీద పడి దాని పక్కన సొట్ట పడింది. ఆ సొట్ట చూస్తే చాలు, అది ఎవరి గుండో ఊళ్లో బేల్దార్లందరికీ తెలుసు. మేస్త్రి పోయాక గుండు పెద్ద కొడుక్కు పోవాలి, మనలో అది ఆచారం. మీ తాత తొంభై ఆరులో పోయాడు. గుండు మీ నాయనకే వచ్చింది. కానీ మీ నాయన నీళ్ల ట్యూబూ, టేపూ పట్టుకుని దాన్ని గూట్లో పడేశాడు. ఏటా ఆయుధపూజకు చింతపండు పెట్టి తోమేది రాధ ఒక్కతే. నా కూతురు, మీ మేనత్త పుల్లమ్మ బిడ్డ రాధ. పుల్లమ్మ చెన్నేకొత్తపల్లిలో సంసారం ఈదుతుంటే పిల్లను నేనే పెంచాను. ఆ పిల్ల సివిల్ డిప్లొమా పాసయిన ఏడు, పూజలో ఉన్న గుండు తీసి దాని చేతిలో పెట్టేశాను. మీ నాయన చూశాడు. ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు. ఎందుకని నేను అడగలేదు.

రాధను భుజాల మీద ఎక్కించుకుని తిప్పింది మీ నాయనే, అది మరిచిపోవద్దు. ఇసుక పిడికిట్లో పట్టి, మట్టి ఎంత ఉందో చెప్పడం నేర్పింది మీ నాయనే.

ఇక మంటపం సంగతి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే నాగేశ్వరయ్య శెట్టి పెనుకొండలో పెళ్లిళ్ల మంటపం కట్టాలనుకున్నాడు. రెండు వేల ఏడో సంవత్సరం. ప్లాను గీసింది హిందూపురంలో ఒక ఇంజనీరు. ఆయన ఆఫీసులోనే రాధకు ఉద్యోగం. హిందూపురంలో గది తీసుకుని ఉండేది, పని ఉన్న రోజు బస్సెక్కి పెనుకొండ వచ్చి చూసి పోయేది. మేస్త్రి మీ నాయన నాగరాజు. పని చేసేవాడు మామ, చూసేది మేనకోడలు. ఊరంతా బాగుందన్నారు. నేనూ అన్నాను.

ఆషాఢం వచ్చేలోపు స్లాబు పడాలని శెట్టి పట్టు పట్టాడు. ముందువైపు నాలుగు పిల్లర్లు పోసే రోజు రాధ హిందూపురంలో ఉంది. పిల్లర్ పోసేటప్పుడు కాంక్రీటులోకి వైబ్రేటర్ దించుతారు. అది గడగడమని వణికించి సందు లేకుండా కూరుస్తుంది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కలిపిన మాలు గట్టిపడుతోంది. మీ నాయన ఆపలేదు. పైనుంచి నిలువునా పోయించి, కడ్డీతో నాలుగు పోట్లు పొడిపించాడు. పిల్లర్ల చుట్టూ బిగించిన డబ్బాలు విప్పి చూస్తే కంకర తేలి, తేనెపట్టు మాదిరి బొక్కలు. సిమెంటు పూసి మూసేశాడు. మూడు పిల్లర్లకు పూత కుదిరింది. నాలుగోది మూలన ఉంది, దాని అడుగున పూత ఊడిపోయింది. రాధ వచ్చి అది చూసి మేకుతో గీకింది.

"మామా, దీన్ని పగలగొట్టి మల్ల పోద్దాం," అంది.

మీ నాయన నవ్వాడు. "ఏమ్మే, నువ్వు పుట్టకముందు నుంచి పోస్తాండా నేను. ఇట్లాంటివి ఎన్ని మూసినానో లెక్క ల్యా. ఒక్కటన్నా పడిందా?"

"ఇది చేతులోతు ఉండాది మామా."

"నీకు ఉండాది చిన్న చెయ్యి."

కూలీలు నవ్వారు. రాధ ఆఫీసులో సారును అడిగితే ఆయనా పూత పెట్టించమన్నాడు. ఆ పిల్లకు దిక్కు తోచలేదు. ఎందుకంటే స్లాబు వేసే రోజు పైన ముప్పై మంది ఉంటారు. కాంక్రీటు బాండ్లీలు మోసే ఆడవాళ్లు వరసలో నిలబడతారు. ఆ వరసలో మీ అమ్మ నీలావతి కూడా ఉంటుంది.

అప్పుడు ఆర్కుట్ అని కంప్యూటర్లో ఒకటి ఉండేది. నేను కంటి చుక్కల కోసం హిందూపురం పోయినప్పుడు రాధ నన్ను నెట్ సెంటరుకు తీసుకుపోయి చూపించింది. బస్టాండు దగ్గర పొద్దున్నే కూలీలు నిలబడతారే, ఆ అడ్డా లాంటిదే అది. మనుషులు మాత్రం కనబడరు. ఒక మూల ఇండ్లు కట్టే ఇంజనీర్లందరూ చేరి మాట్లాడుకునేవాళ్లు. పూణే వాళ్లు, హైదరాబాదు వాళ్లు, దుబాయిలో పనికి పోయినవాళ్లు. రాధ అందులో పిల్లర్ ఫోటో పెట్టింది. ఊరి పేరు పెట్టలేదు, మామ పేరు పెట్టలేదు. కానీ ఇంజనీర్లకు ఒక అలవాటుంది. బొక్క ఫోటో తీస్తే, అది ఎంత పెద్దదో తెలియడానికి పక్కన ఏదో ఒక వస్తువు పెడతారు. పెన్నో, టేపో, రూపాయి బిళ్లో. కాలేజీలో అట్లే నేర్పిస్తారట. ఆ పొద్దు రాధ సంచిలో చేతికి తగిలింది మీ తాత గుండు. బొక్కలో గుండు పెట్టి ఫోటో తీసింది. సొట్ట ఇటువైపే ఉంది.

కింద ఏమేం రాశారో నాకు చదివి చెప్పింది. ఒకడు ఏ సిమెంటు, ఎన్ని రోజులైందని అడిగాడు. ఒకడు పూత కొట్టేయండి, ఎవరు చూస్తారన్నాడు. ఇంకొకడు వాడి మీద పడ్డాడు: నీకు డిగ్రీ ఎవడిచ్చినాడురా అని. మీ అబ్బ ఇచ్చినాడురా అని ఆ పూత అన్నవాడు. బొక్కల్లోకి సిమెంటు పాలు ఎక్కించాలా, పగలగొట్టాలా అని ఐదు పేజీలు తిట్టుకున్నారు.

"చదువుకున్నోళ్లే కదమ్మా వీళ్లంతా? కొళాయి కాడ బిందెల కొట్లాట మాదిరి ఉండాదే!" అన్నాను.

"ఇంజనీర్లు ఇంతే అవ్వా. ముగ్గురుంటే నాలుగు మాటలు."

ఆ తిట్ల మధ్య ఒకడు రాశాడు: "ఈ పిల్లర్ పోసినోడి చేతులు నరికి ఇదే బొక్కలో పెట్టి పూత పెట్టండి." దాని కింద వరసగా అందరూ నవ్వారు. రాధ కూడా కిసుక్కున నవ్వి ఏదో నొక్కింది. రెండు చుక్కలు, ఒక గీత, ఒక అర చందమామ.

"ఏందే అది?"

"నవ్వు అవ్వా. రాసేటప్పుడు నవ్వాలంటే ఇట్లా పెడతారు."

"చేతులు నరకాలంటే నవ్వొచ్చిందా నీకు?"

"అయ్యో, ఊరికే అంటారవ్వా. ఎవురూ నరకరు."

ఇంకా కిందకు పోతే, పేరూ ఫోటో లేనివాడు ఒకడు రాసింది ఉంది. రాధ దాన్ని మెల్లగా చదివింది. "తొంభై తొమ్మిదిలో నేను ఇట్లాంటి దానికి పూత పెట్టించాను. స్లాబు వేసే రోజు ఇద్దరు ఆడవాళ్లు బాండ్లీలతో సహా కిందకు పోయారు. నా ఉద్యోగం నాకు ఉంది. అమ్మా, పూత పెట్టించవద్దు." అంతే. రాధ కుర్చీలో వెనక్కి వాలింది.

మరునాడు ధర్మవరం పోయి శెట్టి కాళ్లావేళ్లా పడింది. "ఆషాఢం పోయినాంక పగలగొట్టుకోమ్మా," అన్నాడాయన. బుధవారం స్లాబు అని ఖాయమైంది. మంగళవారం పొద్దున్నే రాధ పెనుకొండకు వచ్చేసింది. కింద బాదులు నిలిపి, వాటి మీద పలకలు వేసి, కడ్డీలు పరిచి, సెంట్రింగ్ అంతా తయారుగా ఉంది.

"నేను ఆ మూల పిల్లర్ కాడ కూసుంటా అవ్వా. నన్ను లాగి పారేసి స్లాబు వేసుకోమను," అంది.

నేను బొరుగులతో ఉగ్గాని చేసి గిన్నెలో పెట్టుకుని దాని వెనకే పోయాను. ఆకలితో కూర్చుంటే ఎట్లా అని. అంతే నా ఆలోచన.

అదే పొద్దు బస్టాండు అడ్డాలో జరిగింది నేను తర్వాత పది మంది నోట విన్నాను. అందరూ ఒకే మాట చెప్పారు కాబట్టి నీకూ చెబుతున్నాను. ఈరప్ప అని ఇంకొక మేస్త్రి ఉన్నాడు. మీ నాయనకూ అతనికీ పడదు. మంటపం పని తనకు రావాల్సిందని అతని కడుపుమంట. అతని అల్లుడు ఒకప్పుడు మీ తాత కింద తాపీ పట్టినవాడు, ఇప్పుడు ధర్మవరంలో ప్లాన్లు గీస్తాడు. అతనూ ఆ ఇంజనీర్ల అడ్డాలో ఉన్నాడు. గుండు చూశాడు, సొట్ట చూశాడు. కాగితాల మీద అచ్చు తీసి ఈరప్పకు పంపాడు. ఈరప్ప ఆ కాగితాలు పట్టుకుని అరవై మంది కూలీల నడుమ, టీ అంగడి బెంచీ మీద నిలబడి చదివించాడు.

"ఏమప్పా నాగరాజూ," అన్నాడు, "దుబాయి దాకా పోయింది నీ పేరు! మీ నాయన గుండు కూడా పోయింది పాపం, నీ బొక్క కొలిచేదానికి."

మీ నాయన టీ తాగుతున్నాడు. లేవలేదట.

"చేతులు నరకాలంట అబ్బా నీవి. ఇదో, కింద నవ్విండేది ఎవరో తెలుసునా? నీ మేనకోడలు. ఈడ పేరు ఉండాది, చూడు."

అప్పుడు లేచాడు. ఇంత వేడి టీ ఈరప్ప మొహాన కొట్టాడు. ఈరప్ప కండ్లు మూసుకునేలోపే సంచిలోంచి తాపీ తీసి దాని అంచుతో చెంప మీద కొట్టాడు. చెంప చెవి దాకా చీలింది. ఈరప్ప బెంచీ మీద నుంచి పడ్డాడు. మీ నాయన అతని గుండెల మీద కూర్చుని తాపీ పిడితో నోటి మీద కొట్టాడు, పళ్లు రాలేదాకా. నలుగురు పట్టి లాగితే నలుగురినీ విదిలించాడు. "నవ్వు, ఇంగా నవ్వు," అంటున్నాడట. కాగితాలు చేతిలో నలిపి పట్టుకుని మంటపం వైపు నడిచాడు. వెనక యాభై మంది. ఒక్కరికీ అడ్డం పోయే ధైర్యం లేదు.

నేను గిన్నె మూత తీస్తున్నాను. రాధ చెయ్యి కడుక్కుంటోంది. మీ అమ్మ నీలావతి పైన సెంట్రింగ్ పలకలకు నీళ్లు చల్లుతోంది. చొక్కా అంతా రక్తంతో వచ్చి నిలబడిన మీ నాయనను చూసి ముందు, అయ్యో, నా కొడుకును ఎవరు కొట్టారో అనుకున్నాను. ఆ రక్తం వేరేవాళ్లదని నాకు తోచలేదు.

అతను అక్కడున్న చెక్కిన సైజు రాయి మీద రెండు చేతులూ చాచి పెట్టాడు. కడ్డీలు కోసే ఉలి రాధ ముందుకు తన్నాడు.

"నరుకు."

"మామా..."

"నరుకే! చేతులు నరకల్లని రాసినారు గదా, నవ్వినావు గదా! నిన్ను ఎత్తుకున్న చేతులు ఇవి. ఇవే నరుకు, బొక్కలో పెట్టు!"

రాధ దండం పెట్టింది. "నవ్వింది తప్పే మామా. గుండు పెట్టిందీ తప్పే. నీ కాళ్లు పట్టుకుంటా. కానీ పిల్లర్ మాత్రం బాగల్యా మామా. రేపు అత్త పైన ఉంటాది."

ఆ మాటతో ఆగిపోయి ఉంటే బాగుండేది. అదే మాట అతన్ని ఇంకా రేపింది. పక్కన పడి ఉన్న ఇనుప కడ్డీ అందుకుని తిప్పాడు. రాధ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండిన చెరుకు విరిగినట్టు చప్పుడు. ముంజేయి మధ్యలో వంగిపోయింది. రెండో దెబ్బ వీపు మీద. బోర్లా పడింది. మీ అమ్మ నిచ్చెన మీద నుంచి దూకి అతని కాళ్లు కరుచుకుంది. పొట్టలో తన్నాడు. మీ అమ్మ ఇసుకలో దొర్లి వాంతి చేసుకుంది. మూడో దెబ్బకు నేను రాధ మీద పడ్డాను. నా భుజం అప్పుడు పోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ జుట్టు ముడి దాకా లేవదు.

చుట్టూ యాభై మంది మగవాళ్లు. ఒక్కడు కదలలేదు. వాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి, పేర్లతో సహా చెప్పగలను.

నాకు ఎక్కడి నుంచి బలం వచ్చిందో తెలియదు. లేచి, బాగున్న చేత్తో గిన్నె ఎత్తి మీ నాయన నుదుటి మీద కొట్టాను. కన్న కొడుకును, నలభై ఏళ్లవాణ్ని. నుదురు పగిలి రక్తం కండ్లలోకి కారింది.

"రేయ్! కొట్టల్ల అని ఉంటే దాన్ని కొట్టరా," అని మూల పిల్లర్ చూపించాను. "ఆడపిల్ల ఎముకనా నీకు దొరికింది? నీ పని గట్టిదైతే అందరి ముందరా దాన్ని కొట్టి చూపించు. పగలకపోతే ఈ పిల్ల చేతులు నేనే నరికిస్తా."

ఎంత మాట అన్నానో చూడు. కోపంలో నా నోరూ ఆ రాసినవాళ్ల నోరూ ఒకటే అయింది.

అతను కడ్డీ పారేసి సమ్మెట ఎత్తాడు. మొదటి దెబ్బకు పూత పెచ్చులు లేచింది. గుంపు వైపు తిరిగి చూశాడు, చూశారా, ఏమీ కాలేదు అన్నట్టు. రెండో దెబ్బకు సమ్మెట తల లోపలికి దిగి ఇరుక్కుంది. గుంజితే కంకర రాలింది, చిరిగిన సంచిలోంచి శెనక్కాయలు రాలినట్టు, పొడి కంకర, సిమెంటే అంటలేదు. అతను కూర్చుని ఆ బొక్కలో చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా పోయింది. అవతలి వైపు నుంచి వేళ్లు కనబడ్డాయి. ఆ వేళ్లను అతనే వంగి చూసుకున్నాడు.

అయిపోయింది అనుకున్నాను.

కాలేదు. లేచి పక్క పిల్లర్ దగ్గరికి పోయాడు. పూత కుదిరి నున్నగా ఉన్నదది. దాన్ని కొట్టాడు. అదీ డొల్లే. మూడోది కొట్టాడు. ఏడుస్తున్నాడు, ఏడుస్తూ కొడుతున్నాడు, ప్రతి దెబ్బకూ తన్ను తానే బూతులు తిట్టుకుంటున్నాడు. నా కడుపును కూడా తిట్టాడు. "మేస్త్రీ, పైన సెంట్రింగ్ ఉండాది! పలకలు తీసినాంక కొడుదువు!" అని ఎవరో అరిచారు. వినలేదు. మిగిలిన చివరిదాని నెత్తి పగిలేసరికి, దానికి ఆనించి కట్టిన అడ్డపలక జారింది. ఒక బాదు పక్కకు ఒరిగింది, దాన్ని చూసి ఇంకొకటి. వరసగా ఒకదాని వెనక ఒకటి. పలకలు, కడ్డీల జల్లెడ, బాదులు అన్నీ కలిసి ముందువైపు అంతా కిందకు వచ్చింది. దుమ్ములో మనిషి కనబడలేదు.

అప్పుడు కదిలారు ఆ యాభై మంది. పలకలు లాగి చూస్తే బాదు కింద అతని మోకాలు నలిగిపోయి ఉంది. ఎముక తెల్లగా బయటికి వచ్చింది. కండ్లు తెరిచే ఉన్నాయి. "నీలావతి పైన ఉండాదా?" అని అడిగాడు. "ల్యా, ఈడే ఉండా," అని మీ అమ్మ ఇసుకలోంచి పలికింది. దాంతో కండ్లు మూసి సొమ్మసిల్లాడు.

హిందూపురం ఆసుపత్రిలో మీ నాయననూ రాధనూ పక్క పక్క వార్డుల్లో పడేశారు. చెయ్యి ఎట్లా విరిగిందని పోలీసు అడిగితే, సెంట్రింగ్ మీద నుంచి పడ్డానని రాధ చెప్పింది. నేను అడ్డం పోయి, "అబద్ధం సామీ, నా కొడుకే కొట్టినాడు, రాసుకో," అన్నాను. అందుకే మీ అమ్మ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఈరప్ప మీద దెబ్బకూ, రాధ మీద దెబ్బకూ మీ నాయన జైలుకు పోయి వచ్చాడు. కుంటుతూ వచ్చాడు. ఈ ఊళ్లో మళ్లీ మేస్త్రి పని ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ముదిగుబ్బ దగ్గర ఎవరి కిందో కూలికి పోతున్నాడని నీకు తెలుసు కదా.

రాధ కట్టు విప్పకముందే ఎడమ చేత్తో టకటకా కొడుతూ ఆ అడ్డాలో మళ్లీ రాసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాలుగు పిల్లర్లూ డొల్లేనని, ఎవరూ చావలేదని, మేస్త్రే తన చేతులతో పగలగొట్టాడని రాసింది. ఆ మేస్త్రి తన మేనమామ అని, ఆ మాటకు తాను నవ్వకుండా ఉండాల్సిందని కూడా రాసింది. తన చెయ్యి సంగతి రాయలేదు.

"అదీ రాయి," అన్నాను.

"వద్దవ్వా. మామను మల్ల నరకల్లంటారు."

ఒకడు క్షమించమన్నాడు. ఒకడు ఇదంతా కట్టుకథ అన్నాడు. పేరు లేనివాడు ఏమీ రాయలేదు. రెండు రోజులు పోయాక చూస్తే నది ఇసుక మంచిదా, రాతిపొడి మంచిదా అని మళ్లీ తిట్టుకుంటున్నారు.

యశోదా, ఏడవద్దు. రాధ వదిన మీ ఇంటి గడప ఎందుకు తొక్కదని ఇక మీ అమ్మను అడగవద్దు. పిల్లలు మళ్లీ ఏమైనా అంటే ఉసురు తగిలి కూలిందన్న మాట ఒప్పుకోవద్దు. మీ నాయన మేనకోడలి చెయ్యి విరగ్గొట్టాడని చెప్పు. ఆ నాలుగు పిల్లర్లనూ మీ నాయనే పగలగొట్టాడని, మీ అమ్మ బతికి ఉందని చెప్పు. ఒకటి చెప్పి ఇంకొకటి మింగవద్దు. నేను ఎన్నాళ్లుంటానో తెలియదు. నీకు పిల్లలు పుట్టినా వాళ్లకు కూడా ఇట్లాగే, రెండూ కలిపి చెప్పు తల్లీ.